రెండో గుండీ

ఆ ఎండాకాలం నేను నలుగురి మీద అరిచాను. అందులో ముగ్గురి మీద అరవడం న్యాయమే. మళ్ళీ అవకాశం దొరికితే గొంతు సవరించుకుని మరీ అరుస్తాను. నాలుగో మనిషి సంగతి చెప్పడానికే ఇది మొదలుపెట్టాను గానీ, ఆయన దగ్గరికి రావాలంటే ముందు మిగతా ముగ్గురినీ దాటుకు రావాలి.

నేను టైలర్ని. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివి, అక్కడితో చదువుకి దండం పెట్టి కత్తెర పట్టాను. నలభై మూడేళ్ళు వదల్లేదు. ఒకసారి ఒక పహిల్వానుకి కోటు కొలతలు తీయడానికి పొద్దున్నే భుజం దగ్గర బయలుదేరితే, నడుము దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నమైంది. దారిలో తినడానికి అన్నం మూట కట్టుకుపోయాను. ఇలాంటివి చెబితే మా వీధిలో వాళ్ళు నన్ను అబద్ధాలకోరు అంటారు. అవి అబద్ధాలు కావు, కాస్త పొడుగ్గా కత్తిరించిన నిజాలు. ఎవరి కొలతకి వాళ్ళు మడిచి కుట్టుకుంటే సరిపోతాయి.

నా ఆస్తంతా ఒక గుండీల డబ్బా. పాత చొక్కా ఏదైనా మా గడప దాటిపోవాలంటే ముందు దాని గుండీలు ఆ డబ్బాలో పడాలి. ఊరికే పడేయను. ఏ రంగు గుండీకి ఆ రంగు దారం గుచ్చి, ముడేసి, దండ కట్టి వేస్తాను. ముడి పడిందంటే అది నాది. ఇక దేవుడొచ్చి అడిగినా ఇవ్వను.

ఇప్పుడు అరవాల్సిన మొదటి మనిషి. నా కొడుకు.

మావాడు లిఫ్టులు బాగుచేస్తాడు. రోజంతా పైకీ కిందికీ తిరిగేవాడు కాబట్టి పక్కకి చూసే అలవాటు లేదు. బళ్ళకి సెలవులిచ్చిన వారంలో, కోడలు ఇంట్లో లేని పూట చూసి, అట్టపెట్టె ఒకటి మోసుకొచ్చాడు.

"నాన్నా, కొత్త కంప్యూటర్! నీ కోడలు వచ్చేలోపు పెట్టేయాలి. చూసి ఎగిరి గంతేస్తుంది."

"పాతది బాగానే ఉందిగా?"

"ఏం బాగు? స్విచ్ వేసి స్నానానికి వెళ్ళొచ్చినా ఇంకా తెరుచుకోదు. కంప్యూటర్ల కొట్టాయన పాతది తీసుకుంటానన్నాడు. నువ్వు వైర్లు పీకు, నేను దీన్ని విప్పుతా."

మా కోడలికి ముందు గదిలో ఒక ఎంబ్రాయిడరీ మిషన్ ఉంది. సెకండ్ హ్యాండుది. ఆరు సూదులు, గుర్రమంత బరువు. కంప్యూటర్లో బొమ్మ గీస్తే, వైరు గుండా పోయి మిషన్ ఆ బొమ్మని గుడ్డ మీద కుడుతుంది. మొదట్లో నేను ఒప్పుకోలేదు. దాని పక్కన కూర్చుని ఒక పూటంతా చూశాను, దొంగ కుట్టు ఒక్కటైనా దొరుకుతుందేమోనని. దొరకలేదు. ఆ రోజు నుంచి మాట్లాడటం మానేశాను. మిషన్తో.

నేను బల్లకీ గోడకీ మధ్య దూరి, పాత పెట్టె వెనకాల ఉన్నవన్నీ విప్పాను, దుమ్ము తుడిచాను, శుభ్రంగా తయారుచేసి పంపాను. ఇంట్లోంచి పాతది పంపేటప్పుడు ఎలా పంపాలో నాకు ఒకరు నేర్పక్కర్లేదు.

కోడలు మధ్యాహ్నం వచ్చింది. చేతిలో బడి వాళ్ళ కాగితం. జేబు మీద కుట్టే బ్యాడ్జీలు, తొమ్మిది వందల నలభై. దీపం, దాని కింద తెరిచిన పుస్తకం. బడి తెరిచే రోజు పొద్దుటికల్లా పెద్ద టీచరమ్మ బల్ల మీద ఉండాలి. ఒక్కటి తగ్గినా, ఒక్కరోజు ఆలస్యమైనా, ఇకముందు అవి బట్టల ఫ్యాక్టరీ వాళ్ళకి పోతాయి. మూడేళ్ళు ఆ టీచరమ్మ చుట్టూ తిరిగితే దొరికిన పని అది. సొంత కొట్టుకి బోర్డు పెట్టుకున్నంత సంబరంగా గుమ్మంలోకి వచ్చి, అక్కడే ఆగిపోయింది.

"పాతది ఏదీ?"

మావాడు చేతులు చాపి కొత్తదాన్ని చూపించాడు, పెళ్ళికూతుర్ని చూపించినట్టు. అది పలకంత ఉంది. వెనక్కి తిప్పితే వీపంతా నున్నగా, గోడలా ఉంది.

కోడలు మిషన్ దగ్గర్నుంచి వచ్చే వైరు చేతిలోకి తీసుకుంది. దాని మూతికి తొమ్మిది పిన్నులు. కొత్తదాని చుట్టూ ఒకసారి తిరిగింది. ఆ తొమ్మిది పిన్నులు పట్టే చోటు ఎక్కడా లేదు.

"ఇది ఎక్కడ పెట్టాలండీ?" అంది మావాడితో.

"ఏదో ఒక చోట పడుతుందిలే..."

"ఏ చోట?"

మావాడు పైకి చూశాడు. కిందికి చూశాడు. అప్పుడు మొదలుపెట్టాను నేను. వాడు పుట్టిన నాటి నుంచి చేసిన తెలివితక్కువ పనులన్నీ వరసగా, తేదీలతో సహా చెప్పాను. అడక్కుండా ఇంకొకరి పనిముట్టు మార్చడమంటే కుట్టే చేతిలోంచి సూది లాక్కోవడమన్నాను. "ఒరే, నా కత్తెర ఎవడైనా మార్చి ఉంటే వాడి చెవులు కత్తిరించేవాణ్ణి రా!" అన్నాను. ఈ మాటలన్నీ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడతాయి.

కోడలు మాత్రం అరవలేదు. పెదాలు బిగించి, చీర చెంగు నడుముకి దోపి, ప్రోగ్రాం ఉన్న పాత డిస్కు వెతికి తీసింది. కొత్తదానికి డిస్కు పెట్టే నోరు కూడా లేదు.

కంప్యూటర్ల కొట్టాయన మా వీధి చివరే. అందరూ ఆయన్ని నవ్వులాయన అంటారు. కొన్నవాడిని చూసినా నవ్వుతాడు, తిట్టినవాడిని చూసినా నవ్వుతాడు. తెల్ల చొక్కా, గుండీలు గొంతు దాకా. పాతది వెనక్కి ఇమ్మంటే, సామాన్ల గుట్టలో ఎక్కడ పడిందో వెతకాలి, ముందు కొత్తదాన్నే దారికి తెద్దామన్నాడు. ఆయన మా ఇంటికి వచ్చిన మొదటిసారి డిస్కు చదివే పెట్టె ఒకటి తెచ్చి బయట నుంచి తగిలించాడు. డిస్కు గిరగిరా తిరిగింది. తెర మీద ఒక చీటీ వచ్చింది.

"ఏమంటుంది?" అన్నాను.

"ఈ ప్రోగ్రాం పాతకాలంది, ఈ కంప్యూటర్లో నడవదంటోంది పెద్దాయనా."

"కంప్యూటర్ కొత్తదైతే పాతది సులువుగా నడవాలి కదయ్యా! పెద్ద సైజు చొక్కాలో చిన్నవాడు పట్టడా?"

ఆయన నవ్వాడు. "ఇది చొక్కా కాదు."

రెండోసారి వచ్చినప్పుడు ఏవో మీటలు మార్చి, కొత్తదాన్ని పాతదానిలా నటించమన్నాడు. అది నటించలేదు. మూడోసారి, తొమ్మిది పిన్నుల వైరుకీ కొత్తదాని సన్న కంతకీ మధ్యలో పెట్టే ముక్క తెచ్చాడు. ఆ ముక్కని కంప్యూటర్ గుర్తుపట్టదట. గుర్తుపట్టాలంటే దానికింకో ప్రోగ్రాం ఎక్కించాలి. అది ఎక్కించారు. కంప్యూటర్ ముక్కని గుర్తుపట్టింది, ముక్క మిషన్ని గుర్తుపట్టలేదు. పక్కపక్కన కూర్చోబెట్టినా మొహాలు చూసుకోని ఇద్దరు తోటికోడళ్ళలా ఉన్నాయి రెండూ. ఆ పూట కొత్త కంప్యూటర్ మీద అరిచాను. తల మీద ఒకటి వేశాను కూడా. అరవాల్సిన వాళ్ళలో అది రెండోది. మనిషి కాదంటారా? అందరికంటే మొండిగా ప్రవర్తించింది, మనిషిలో కలిపేస్తున్నాను.

మూడోది ప్రోగ్రాం తయారుచేసిన కంపెనీ. ఫోను చేస్తే మొదట పాట వచ్చింది. తర్వాత ఒక అమ్మాయి గొంతు.

"మీరు కొత్త వెర్షన్ తీసుకుంటే సమస్య ఉండదు సార్."

"తీసుకుంటే మా మిషన్ నడుస్తుందా?"

"మీ మిషన్ మోడల్ చెప్పండి... అది కొత్త వెర్షన్లో లేదు సార్. కొత్త మిషన్ తీసుకుంటే..."

"అమ్మాయ్, గుండీ ఊడిందంటే చొక్కా మార్చమంటున్నారు, చొక్కా మారిస్తే మనిషిని మార్చమనేలా ఉన్నారు! ఆ మిషన్కి ఒంట్లో ఏ జబ్బూ లేదు. అది మంచిదే, మీరే మంచివాళ్ళు కాదు!"

"మీ కాల్ మాకు ఎంతో విలువైనది సార్."

మళ్ళీ పాట వచ్చింది. నేను పాట మీద కూడా అరిచాను.

ఇలా రోజులు పోయాయి. మిషన్ మీద కప్పిన గుడ్డ తీసినవాళ్ళు లేరు. చేత్తో కుడదాం అమ్మాయ్ అని ఒకనాడు నేనే సూది పట్టాను. పొద్దున కూర్చుంటే భోజనాల వేళకి ఒక బ్యాడ్జీ అయింది. దీపం బాగానే వచ్చింది. పుస్తకం మాత్రం తడిసిన పావురంలా ఉంది. కోడలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"రోజుకి రెండు వేసుకున్నా, ఇవి అయ్యేసరికి పిల్లలకి గడ్డాలొస్తాయి మామయ్యా."

నవ్వింది అనుకుని నేనూ నవ్వాను. చూస్తే నవ్వడం లేదు.

"ఫ్యాక్టరీ సూపర్వైజరు కబురు పెట్టాడు" అంది. "లైన్లో ఒక చోటు ఖాళీగా ఉందట. సోమవారం లోపు చెప్పమన్నాడు."

"వద్దని చెప్పు."

"ఏం చూసుకుని చెప్పను? ఆరేళ్ళు కుట్టాను అక్కడ. చొక్కాలకి ఎడమ చేతులే. నా ముందు కూర్చున్నామె కుడి చేతులు, నేను ఎడమ చేతులు. లేచి మంచినీళ్ళు తాగాలన్నా వాడు చేతి గడియారం చూసేవాడు. ఆరేళ్ళలో ఒక్క పూర్తి చొక్కా నా చేతుల్లోంచి రాలేదు మామయ్యా. ఆ దీపం బొమ్మ నేను గీసింది. మొదటి గీత నుంచీ నాదే."

ఆ పిల్ల అంతసేపు మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. ఏదో ఒక కథ చెప్పి తేలిక చేద్దామని నోరు తెరిచాను. కోపం ఒక్కటే వచ్చింది. ఎవరి మీద చూపాలో తెలియని కోపం, చేతిలో కాలే ఇస్త్రీపెట్టెలాంటిది. ఎక్కడో ఒక చోట దించాలి.

బడి ఇంకో తొమ్మిది రోజుల్లో తెరుస్తారనగా, మిట్టమధ్యాహ్నం నవ్వులాయన మా గుమ్మంలోకి వచ్చాడు. భుజం మీద మా పాత కంప్యూటర్. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

"సామాన్ల గదిలో అడుగున ఉందమ్మా, నాలుగు రోజులు వెతికితే దొరికింది. విప్పలేదు, వచ్చింది వచ్చినట్టే ఉంది. నీ పనయ్యేదాకా ఉంచుకో" అని బల్ల మీద దించాడు. మంచినీళ్ళిస్తే తాగి వెళ్ళిపోయాడు.

కోడలు వైర్లు పెట్టింది. తొమ్మిది పిన్నులూ వాటి చోట్లో టక్కున కూర్చున్నాయి. స్విచ్ వేసింది. ముగ్గురం నిలబడ్డాం. తెర వెలిగింది. ప్రోగ్రాం తెరుచుకుంది. దీపం కనిపించింది, పుస్తకం కనిపించింది. కుట్టమని నొక్కగానే ఎర్రటి చీటీ ఒకటి అడ్డం వచ్చింది.

"తాళం కనబడలేదంటోంది" అంది కోడలు. బల్ల వెనక్కి వంగి చూసింది. "వెనకాల ఒక చిన్న ముక్క ఉండేది. మిషన్ అమ్మినాయన పెట్టి వెళ్ళాడు, అది ఉంటేనే ప్రోగ్రాం కుడుతుంది. అది లేదు..."

ఇంకా ఏదో చెబుతోంది. ఎలా ఉంటుందో, ఏ రంగో చెబుతోందని తర్వాత తెలిసింది. నాకు 'లేదు' ఒక్కటే వినబడింది. ఇస్త్రీపెట్టె దించే చోటు దొరికింది. చెప్పులు కూడా వేసుకోకుండా బయటపడ్డాను.

నవ్వులాయన కొట్లో జిరాక్సుల కోసం నిలబడ్డవాళ్ళు ఏడెనిమిది మంది ఉన్నారు. పక్క కొట్టు మంగలి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"తాళం పీకి ఎవరికి అమ్ముకున్నావయ్యా?" అన్నాను.

"ఏం తాళం పెద్దాయనా?" నవ్వాడు.

"నవ్వకు! మా పాతదాని వెనకాల ముక్క. అది పీకేసి, ఒట్టి డొల్ల మోసుకొచ్చి, ధర్మాత్ముడిలా మంచినీళ్ళు తాగిపోతావా? ఆ పిల్ల బతుకు అందులో ఉంది! దొంగా!"

"నేను ఏదీ ముట్టుకోలేదు. మీరు ఎలా పంపారో అలాగే..."

"మేమే పీకామంటావా? నేను నా చేత్తో తుడిచి పంపాను!"

కాలరు పట్టుకున్నాను. ఆయన నన్ను తొయ్యలేదు. నా ముసలి చేతికి గట్టిగా ఊగి, తనే కౌంటరుకి కొట్టుకున్నాడు. ఎవరో నన్ను వెనక్కి లాగారు. జిరాక్సుకి వచ్చినావిడ తన కాగితాలు తీసుకుని, అయ్యాయో లేదో కూడా చూడకుండా వెళ్ళిపోయింది. నవ్వులాయన మొహంలో ఆ నవ్వు ఇంకా ఉంది, మనిషి దిగిపోయాక లిఫ్టులో వెలుగుతుండే దీపంలా.

ఇంటికొచ్చేసరికి నా పిడికిలి బిగుసుకునే ఉంది. విప్పితే అందులో ఒక గుండీ. తెల్లది, నాలుగు కన్నాలది. ఆయన చొక్కా రెండో గుండీ.

చేతికి అలవాటు. కోపంలో ఉన్నా అది తన పని తను చేస్తుంది. డబ్బా దించాను, మూత తీశాను, తెల్ల గుండీల దండ కోసం వేలు పెట్టి కెలికాను. ఎర్రవి, నల్లవి, కోటు గుండీలు, ఒక ఆకుపచ్చ దారం. ఆకుపచ్చ గుండీలు నా దగ్గర లేవు. దారం పట్టి పైకి లాగాను.

బొటనవేలంత ముక్క. ఆకుపచ్చది. ఒక పక్క పిన్నులు, రెండు చివర్లా చిన్న మరలు. ఒక మర చుట్టూ దారం. దారానికి ముడి. నా ముడి. అలా రెండు మెలికలు తిప్పి వేసేవాణ్ణి మా వీధిలో నేనొక్కణ్ణే.

మూత పెట్టేశాను. మళ్ళీ తీశాను. అది అక్కడే ఉంది.

పాతది గడప దాటబోతుంటే నా చెయ్యి దాని గుండీ కోసుకుంది. అంతే జరిగింది.

కూర్చున్నచోటే మూడు కథలు అల్లాను. బల్ల కింద దొరికిందని ఒకటి. ఎలుక లాక్కుపోయిందని ఒకటి. నవ్వులాయన భయపడి కిటికీలోంచి విసిరేసి పోయాడని ఒకటి. మూడోది చాలా బాగా వచ్చింది. వీధంతా నమ్మేది.

ముందు గదిలోకి వెళ్ళాను. కోడలు పెట్టె అడుగు నుంచి ఫ్యాక్టరీ ఏప్రన్ తీసి ఇస్త్రీ చేస్తోంది. మావాడు గోడకి ఆనుకుని నేల చూస్తున్నాడు. ముక్కని ఇస్త్రీ బల్ల మీద పెట్టాను.

కోడలు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "ఎక్కడిది?"

"నా డబ్బాలోది."

"ఎప్పటి నుంచి?"

"మొదటిరోజు నుంచి."

దాన్ని చేతిలోకి తీసుకుని ముడి చూసింది. విప్పడానికి గోరుతో ప్రయత్నించింది, రాలేదు. నా కత్తెర తీసుకుని దారం కత్తిరించింది. బల్ల వెనక్కి వెళ్ళి ముక్కని బిగించి, కుట్టమని నొక్కింది. ఆరు సూదులు ఒక్కసారి లేచాయి. ఇల్లంతా ఆ చప్పుడే. మావాడు నా వంక చూశాడు. వాడు నన్ను తిట్టడానికి నేను చెప్పిన మాటలే చాలు, పేరు మార్చుకుంటే సరిపోయేది. తిట్టలేదు. అది ఇంకా ఘోరం.

నేను దారం కండె అందించబోయాను.

"మామయ్యా" అంది కోడలు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "ఆయన్ని ఏమన్నారో మంగలి భార్య వచ్చి చెప్పింది. ఆయన దగ్గరికి వెళ్ళొచ్చేదాకా నా మిషన్ దగ్గరికి రాకండి."

ఆ గొంతులో ఉన్నది కోపమే. నాలాంటి కోపం కాదు. కొలిచి, గుర్తు పెట్టి, కత్తిరించిన కోపం.

మర్నాడు పొద్దున సూది, తెల్ల దారం, గుండీ జేబులో వేసుకుని వెళ్ళాను. కొట్లో మళ్ళీ జనం. ఆయన అదే చొక్కా ఉతికి వేసుకున్నాడు. రెండో గుండీ చోట పిన్నీసు.

"నిన్న నేనన్నది తప్పు" అన్నాను, అందరికీ వినబడేలా. "తాళం ఈయన తియ్యలేదు. నేనే తీశాను. పాత చొక్కా గుండీ అనుకుని కోసి, దారం కట్టి నా డబ్బాలో వేసుకున్నాను. నెల్లాళ్ళు నా తల దగ్గరే పెట్టుకుని ఊరందరినీ తిట్టాను."

మొదట మంగలి నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు.

"కంప్యూటర్కి గుండీ కోశాడట! పహిల్వాను కోటు కంటే ఇది బాగుంది తాతా!"

"ఈయన్ని కాపాడటానికి ఎంత బాగా అల్లాడో చూడండి!"

"నిజంరా!" అని అరిచాను. ఇంకా నవ్వారు. నలభై మూడేళ్ళు పొడుగ్గా కత్తిరించి అమ్మాను, ఒక్కసారి సరైన కొలతకి కుట్టి తెస్తే కొనేవాడు లేడు.

నవ్వులాయన ఒక్కడే నవ్వలేదు. ఆయన నమ్మాడు. గుండీ అరచేతిలో పెట్టి చాపాను. "కుట్టి ఇస్తాను. రెండు నిమిషాలు."

ఆయన గుండీ వంక చూశాడు. నా వంక చూశాడు.

"కాస్త పక్కకి జరుగుతారా? వెనకాల మనుషులు నిలబడ్డారు" అన్నాడు.

జరిగాను.

బ్యాడ్జీలు బడి తెరవడానికి ముందురోజు సాయంత్రానికే అయ్యాయి. తొమ్మిది వందల నలభై, పైన ఇంకో పది. కోడలే రిక్షాలో పట్టుకెళ్ళింది. మమ్మల్నెవరినీ రమ్మనలేదు. ఏప్రన్ నేల తుడిచే గుడ్డ అయింది. ఇప్పుడు ఆ బల్ల మీద పాతదీ కొత్తదీ పక్కపక్కనే ఉంటాయి. మావాడు పెన్సిలు తీయాలన్నా అడిగి తీస్తాడు. నేను అడిగి కూడా తీయను.

రోజూ పొద్దున పిల్లలు జేబుల మీద దీపాలు పెట్టుకుని మా ఇంటి ముందు నుంచి పోతారు. నేను వాళ్ళ వెనకే వీధి చివరి దాకా నడిచి వస్తాను. నవ్వులాయన అందరితో నవ్వుతూనే ఉంటాడు, నేను వెళ్ళే వేళకి ఏదో వెతుక్కుంటూ లోపలికి తిరుగుతాడు. చొక్కాకి ఎవరో రెండో గుండీ కుట్టిపెట్టారు. నీలం రంగుది. అన్నీ తెల్లవి, అదొక్కటే నీలం. కుట్టు కూడా వదులు, ఈ వానాకాలం దాటదు.

అసలుది నా దగ్గరే ఉంది. జేబులో విడిగా తిరుగుతుంది. దండలో గుచ్చలేదు, డబ్బాలో వేయలేదు. ముడేస్తే నాదైపోతుంది.